స్టాంపు పేపరు మీద ఊరి పేరు, వేలిముద్ర ఉన్నాయి. ఆ తండాకి ఎలా వెళ్ళాలి?

తెనాలి_పిల్ల:

నా వయసు 27. నన్ను పెంచుకున్నారని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. మా అమ్మా నాన్నా దాచలేదు. దాచాలన్నా మా వీధిలో దాగేది కాదు, నా రంగు చూసి అడగని చుట్టం లేదు. నాన్న రెండేళ్ళ కిందట పోయారు. అమ్మ తెనాలిలోనే ఉంటుంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, పెళ్ళయింది, ఇప్పుడు ఆరో నెల. అందుకని "అయ్యో పాపం, ఇప్పుడే తెలిసిందా" అనే పరామర్శలు వద్దని ముందే చెప్పేస్తున్నా. నా ప్రశ్న వేరే.

మూడో నెలలో చేసిన రక్తపరీక్షల్లో హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఎక్కువ వచ్చింది. తలసీమియా మైనర్ అన్నారు. అది జబ్బు కాదు, ఆ లక్షణం నా రక్తంలో ఉందంతే. భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా మేజర్, అంటే అసలు జబ్బు, వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మా ఆయనకి చేయిస్తే నార్మల్ వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు మడిచి ఇస్తూ "మీ పుట్టింట్లో ఎవరికుంది?" అని మామూలుగా అడిగింది. తెలియదండీ అన్నాను. బీపీ, షుగరు, కవలలు, ఏదడిగినా నేను చెప్పే జవాబు అదే. ఆవిడ అలవాటుగా "అయితే మీ అక్కచెల్లెళ్ళకి చెప్పండి, వాళ్ళూ చూపించుకోవాలి" అంది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చెప్పాను. వారం తిరక్కుండా అమ్మ రైలెక్కి వచ్చి, బ్యాగులో చీరల మధ్యలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. ఇంటి దస్తావేజులతో పాటు నాన్న బీరువా లాకర్లో పెట్టిన ఫైలు. "అడిగిన రోజు ఇద్దామనుకున్నాం, నువ్వు అడగలేదు" అంది.

లోపల 1999 నాటి సిటీ సివిల్ కోర్టు ఆర్డరు కాపీ ఉంది. నన్ను దత్తతకి ఇచ్చిన పిల్లల హోమ్ వాళ్ళ మెడికల్ కాగితం ఉంది: బరువు 1.9 కిలోలు, వయసు 11 రోజులు. చివర్న, నన్ను కన్నావిడ నన్ను ఇచ్చేస్తున్నట్టు ఉన్న ఇరవై రూపాయల స్టాంపు పేపరు జిరాక్సు. రోజూ రాత్రి నేను తీసి చూస్తున్నది దీన్నే. మొత్తం ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. ఎవరి బలవంతమూ లేదు, నా ఇష్టంతోనే ఇస్తున్నాను, ఇకముందు ఏ హక్కూ కోరను అనే మాటలు ముందే టైపు కొట్టి, పేరు, ఊరు, కారణం చోట్ల మాత్రం ఖాళీలు వదిలి పెన్నుతో నింపారు. కారణం దగ్గర "మూడో ఆడపిల్ల, పోషించలేక" అని తెలుగులో రాశారు. కింద ఎడమచేతి వేలిముద్ర. జిరాక్సులో అది నల్లగా ముద్దకట్టేసింది, గీతలు కనిపించవు. పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు. పేర్లు వేరు, కానీ రెండిట్లోనూ చివరి అక్షరం తోక ఒకేలా మెలి తిరిగి కింది గీతని దాటింది. మనిషి ఒకడే రెండు సంతకాలూ పెట్టాడని నా అనుమానం.

ఊరు పాత నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు. ఇంటిపేరు చూస్తే లంబాడీలని తెలిసిపోయింది. ఊరి పేరు ఇక్కడ రాయను, నన్ను కన్నావిడ పేరూ రాయను, దయచేసి ఎవరూ అడగొద్దు. ఆ రోజుల్లో తండాల నుంచి ఆడపిల్లల్ని తెచ్చి హోముల్లో పెట్టి దత్తతకి ఇచ్చిన వ్యవహారం మీద 1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాదులో పెద్ద గొడవైంది, పోలీసు కేసులు నడిచాయి. నన్ను తెచ్చిన హోమ్ ఇప్పుడు లేదు. ఆ కేసుల్లో అది ఉందా లేదా అన్నది నా దగ్గరున్న కాగితాలతో తేలదు.

నాకు ఇంకో అమ్మ అక్కర్లేదు. ఉన్న అమ్మతోనే రోజూ ఫోన్లో కొట్లాట. తెలుసుకోవాలనుకుంటున్నది ఇది: ఆ కాగితంలో ఏముందో వేలిముద్ర వేయించే ముందు ఎవరైనా ఆవిడకి తెలుగులోనో, వాళ్ళ భాషలోనో చదివి చెప్పారా? ఆవిడ ఇచ్చిందా, ఆవిణ్ణి ఇప్పించారా? ఇక మూడో ఆడపిల్ల అన్నారంటే నాకు ఇద్దరు అక్కలున్నారు. వాళ్ళకి ముప్ఫై దాటి ఉంటాయి, పిల్లలుంటారు. తలసీమియా సంగతి వాళ్ళకి చేరాలి. ఇది సాకు అని మా ఆయన అంటాడు. కొంత సాకే, కాదనను, కానీ అబద్ధం కాదుగా.

భయం కూడా అక్కడే ఉంది. ఆవిడ ఇంట్లో నా గురించి ఏం చెప్పుకుందో తెలియదు. పుట్టగానే పోయిందని చెప్పి ఉండొచ్చు. నేను కారులో వెళ్ళి తండా మధ్యలో దిగితే ఆవిడ సంసారం ఏమవుతుంది? మా అమ్మేమో "నన్నూ తీసుకెళ్ళు, ఆవిడకి చీర పెట్టాలి" అని ఒకటే పోరు. ఈ దారిలో నడిచినవాళ్ళు, ఆ ప్రాంతం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోర్టు_గుమాస్తా:

అమ్మాయ్, నేను సివిల్ కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితాల సంగతి నేను చెబుతాను, మనసుల సంగతి మిగతావాళ్ళు చెబుతారు.

మీ అమ్మానాన్నలకి వచ్చిన ఆర్డరు హిందూ దత్తత చట్టం, 1956లోని సెక్షన్ 9(4) కింద అయ్యుండాలి. తల్లిదండ్రులు బిడ్డని వదులుకున్నప్పుడు సంరక్షకుడి హోదాలో హోమ్ వాళ్ళు కోర్టు అనుమతి తీసుకుని బిడ్డని దత్తత ఇచ్చే పద్ధతి అది. ఆర్డరు పైన ఓ.పి. నంబరు, అంటే పిటిషన్ నంబరు, సంవత్సరం ఉంటాయి. మీకు ముఖ్యం ఆ నంబరే. ఆ పిటిషన్‌తో పాటు హోమ్ వాళ్ళు దాఖలు చేసిన అఫిడవిట్, ఇతర కాగితాలు రికార్డు రూంలో ఉంటే, స్టాంపు పేపరు అసలో, అసలుకి దగ్గరి కాపీయో అందులో ఉంటుంది. జిరాక్సుకి జిరాక్సు మీద వేలిముద్ర చూసి ఏం తేలుస్తారు? తీర్పు కాగితాలు ఎక్కువ కాలం ఉంచుతారు, మిగతావి గడువు తీరాక తీసేస్తారు. కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇంకో చిక్కు. ఆ కేసులో మీరు పార్టీ కాదు, మీ గురించి నడిచిన కేసంతే. మీరు కాపీ అడిగితే థర్డ్ పార్టీ అంటారు, ఎందుక్కావాలో అఫిడవిట్ వేయాలి, జడ్జిగారు అనుమతించాలి. మీ అమ్మగారు పార్టీ అయ్యుంటారు. ఆవిడ పేరు మీద కాపీ అప్లికేషన్ పెట్టించండి, పని సులువవుతుంది. ఆవిడ ఎలాగూ మీతో వస్తానంటున్నారుగా, ముందు కోర్టుకి తీసుకురండి.

రెండోది ఈనాటి చట్టం. 2022 దత్తత నిబంధనల్లో రూట్ సెర్చ్ అని, అంటే దత్తత వెళ్ళినవాళ్ళు తమ పుట్టుక వివరాలు వెతుక్కోవడం, ప్రత్యేకంగా ఉంది. పద్దెనిమిది నిండిన దత్తపుత్రికగా మీరు సొంతంగా అడగొచ్చు. కేంద్రంలో దత్తత వ్యవహారాలు చూసే కారా, రాష్ట్రంలో అదే పని చూసే సారా, జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం, వీళ్ళలో ఎవరికైనా రాతపూర్వకంగా పెట్టుకోవచ్చు. హోమ్ మూతపడినా అడిగే హక్కు మూతపడదు. అయితే కన్నతల్లి గోప్యతకి భంగం కలగకూడదని అందులోనే ఉంది. ఆవిడ కలవనంటే బలవంతం లేదు. కానీ ఏ పరిస్థితుల్లో బిడ్డని ఇచ్చారో ఆ వివరం మీకు చెప్పాలి. మీరు అడుగుతున్నది ముఖ్యంగా అదే కాబట్టి దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయండి.

సత్సంగం_65:

తల్లీ, పెద్దవాణ్ణి కాబట్టి చెబుతున్నా. కన్నది దేవకి అయినా కృష్ణుడికి తల్లి యశోదే అని లోకం అంటుంది. పెంచిన తల్లి కళ్ళెదుట ఉండగా ఈ వెతుకులాట ఆమెని నొప్పించదా? కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి ఆలోచనలు మంచివి కావు. రామాయణం చదువుకో.

తెనాలి_పిల్ల:

బాబాయిగారూ, రామాయణం తప్పకుండా చదువుతాను. మీరు భాగవతం ఇంకోసారి చూడండి. కంసుణ్ణి చంపగానే కృష్ణుడు చేసిన పని దేవకీ వసుదేవుల సంకెళ్ళు విడిపించి వాళ్ళ కాళ్ళకి మొక్కడం. దానివల్ల యశోదకి తక్కువైందేమీ లేదు. మా యశోద అయితే చీర కూడా కొనేసింది, మంగళగిరి చీర, జరీ అంచు.

గుమాస్తాగారూ, ఆర్డరు మీద ఓ.పి. నంబరు దొరికింది. అమ్మ పేరు మీద పెట్టొచ్చన్న మాట చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. చాలా థాంక్సండీ.

సిటీ_బాయ్_హైద్:

ఇంత ఆలోచన ఎందుకు మేడం? ప్రైవేట్ డిటెక్టివ్‌కి ఇస్తే పది రోజుల్లో అడ్రసు తెచ్చిస్తాడు. లేదంటే హెల్త్ సర్వే అని ఇద్దరు అమ్మాయిల్ని పంపండి, ఇల్లిల్లూ తిరిగి పిల్లలెందరు, పోయినవాళ్ళెందరు అని అడిగితే వాళ్ళే చెప్పేస్తారు. యూట్యూబ్ ఛానెల్ వాళ్ళకి చెప్పినా స్టోరీ వైరల్ అవుతుంది.

తండా_మాస్టారు:

నమస్తే చెల్లె. నేను మీరు చెప్పిన వైపే పుట్టిన లంబాడీవాణ్ణి, గవర్నమెంటు బడిలో టీచర్ని. మూడు నాలుగుసార్లు రాసి చెరిపేసిన. ఇప్పుడు పంపుతున్న.

ముందు పైన రాసిన తమ్ముడికి. ఆ కాగితం మా వాళ్ళ దగ్గర ఎట్లా తీసుకున్నారో మనకు తెలియదు. చదివి చెప్పారో, చెప్పలేదో. అలాంటి చోటికి మళ్ళీ ఒక అబద్ధం పట్టుకుని, సర్వే అని పేరు పెట్టి, ఫారాలతో వస్తారా? మళ్ళీ వేలిముద్ర కూడా వేయించుకుంటారా? డిటెక్టివ్ సంగతి పెద్దాయన చెప్పిన నిబంధనల్లోనే ఉంది, బయటివాళ్ళ చేత రూట్ సెర్చ్ చేయించడానికి ఒప్పుకోరు. యూట్యూబ్ గురించి మాట్లాడను.

ఇప్పుడు ఊరు సంగతి. మీ కాగితంలో ఊరి పేరు ముందు హెచ్, గీత, ఓ అని ఉందా చూడండి. ఉంటే అది శివారు అన్నట్టు. అంటే రాసిన పేరు పెద్ద ఊరిది, మీ తండా దాని శివారుది. ఒక్కో ఊరికి నాలుగైదు తండాలుంటాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఐదు వందల జనాభా దాటిన తండాలు సొంతంగా గ్రామ పంచాయతీలైనయి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు మండలాలు కూడా మారినయి. చందంపేట నుంచి నేరేడుగొమ్ము వేరైంది, కొండమల్లేపల్లి కొత్తగా వచ్చింది. 1998 నాటి అడ్రసు పట్టుకుని ఇప్పటి మ్యాపులో వెతికితే దొరకదు, దొరికినా తప్పు తండాకి పోతారు.

ఓటరు జాబితా చూడండి. పోలింగ్ కేంద్రం వారీగా ఎన్నికల వెబ్‌సైటులో ఉంటుంది. పేరు, భర్త పేరు, వయసు, ఇంటి నంబరు. మా ఆడవాళ్ళ పేరు పట్టుకుని పోతే లాభం లేదు, ఒకే పేరు తండాలో నలుగురికి ఉంటుంది, పైగా రాసేవాడు వాడికి వినిపించినట్టు రాస్తాడు. భర్త పేరు, అతని ఇంటిపేరు కలిపి చూడండి. వయసు మీద కూడా నమ్మకం వద్దు, ఆధార్ వచ్చినప్పుడు సగం మంది జనవరి ఒకటినే పుట్టినట్టు రాసుకున్నరు. ఇదంతా మీ గదిలో కూర్చుని చేసే పని. ఎవరినీ ఫోన్ చేసి అడగాల్సిన అవసరం లేదు.

ఆశా వర్కరునో, అంగన్‌వాడీ టీచరునో అడుగుదామని మీకు ఎవరైనా చెబుతరు. వద్దు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ ఆ తండా కోడళ్ళే. పొద్దున చెబితే మాపటికి తండా పెద్ద నాయక్ ఇంటి ముందు పంచాయతీ కూర్చుంటది. సర్పంచి కూడా అంతే. తీజ్ పండుగకి అసలే రావద్దు, హైదరాబాదు పోయినోళ్ళంతా ఆ తొమ్మిది రోజులు తండాకి చేరుతరు, ఆడబిడ్డలంతా ఉంటరు. బాలల పరిరక్షణ విభాగం నుంచి పోయే మనిషి ఆడమనిషి కావాలి, ఆ మండలం మనిషి కాకూడదు, జీపు వేసుకుని పోకూడదు అని మీరు ముందే అడగండి. ఇంకోటి, ఆ తల్లి ఇప్పుడు తండాలోనే ఉందని ఏముంది? మా దిక్కు సగం ఇండ్లకి తాళాలే. సాగర్ రోడ్డు పొడుగునా ఎల్బీ నగర్ దాకా మావాళ్ళు ఆటోలు నడుపుకుంటూ, బిల్డింగు పనులు చేసుకుంటూ ఉన్నరు. మీరుండే చోటుకి అరగంట దూరంలో ఉండొచ్చు.

ఇక మీరు అడగని మాట ఒకటి. నెట్‌లో వెతికితే లంబాడీలకి మూడో ఆడపిల్ల, ఆరో ఆడపిల్ల అరిష్టమని నమ్మకం, అందుకే అమ్ముకున్నారని రాసి ఉంటది. నమ్మకాలు లేవని నేను అనను. కానీ మా తాతల కాలంలో పెళ్ళికి పిల్లగాడి వైపు వాళ్ళే ఓలి ఇచ్చేవాళ్ళు, ఆడపిల్ల అంటే ఇంటికి బరువు కాదు. కట్నం మా తండాలకి తర్వాత వచ్చిన జబ్బు, పక్క ఊళ్ళను చూసి నేర్చింది. వానలు లేవు, బోర్లు ఎండినయి, మూడో పిల్ల పుట్టినప్పుడు దవాఖాన దగ్గర ఒక మనిషి నిలబడి "పెద్దింట్లో పెరుగుతది, చదువుకుంటది, అప్పుడప్పుడు చూపిస్తం" అంటే? చూపిస్తమన్న మాట చాలామంది తల్లులకి చెప్పిన్రు. నాకు తెలిసిన ఒక ముసలామె ఆ మాట నమ్మి చాలా ఏండ్లు దారి చూసింది. 2001లో ప్రభుత్వం జీవో ఇచ్చి, పేదరికమనో, ఆడపిల్లనో, ఎక్కువమంది పిల్లలనో కారణం చూపి బిడ్డని వదులుకోవడం చెల్లదన్నది. మీరు అంతకు మూడేండ్ల ముందు పుట్టిన్రు.

లంబాడీ అని తెలిసినంక మీకు ఏమనిపించిందో మీరు రాయలేదు. అడగను. ఎప్పుడన్నా మా భాష వినాలనిపిస్తే మెసేజ్ పెట్టండి, మా ఇంటామె మాట్లాడుతది, గలగలా మాట్లాడుతది, ఆపడం కష్టం.

డల్లాస్_బాబాయ్:

డీఎన్‌ఏ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. ఇక్కడ మాకు తెలిసిన తెలుగు దత్తత పిల్లలకి కొంతకాలంగా ఈ విషయంలో సాయం చేస్తున్నాను. లాలాజలం ట్యూబులో ఉమ్మి పంపితే చుట్టాలు దొరికేస్తారని యాడ్స్ చూసి ఆశ పెట్టుకోకండి. అమెరికాలో, యూరప్‌లో తెల్లవాళ్ళకి దొరుకుతారు, ఎందుకంటే వాళ్ళ చుట్టాలు కూడా పరీక్ష చేయించుకుని ఉంటారు. దేవరకొండ తండాల్లో ఎవరు చేయించుకున్నారు?

ఇంకో తిరకాసుంది. తరతరాలుగా తమలో తాము పెళ్ళి చేసుకునే సమాజాల్లో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. మన తెలుగువాళ్ళ మేనరికాలు సరేసరి, మేనమామని చేసుకున్న ఇంట్లో లెక్కంతా తారుమారు. తల్లీబిడ్డల మధ్య పంచుకునే డీఎన్‌ఏ సుమారు 3,400 నుంచి 3,700 సెంటీమోర్గాన్లు (డీఎన్‌ఏ పోలికని కొలిచే లెక్క), దాంట్లో పొరపాటు పడడానికి వీల్లేదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య సగటున 850 దాకా ఉంటుంది, దాన్ని పట్టుకుని మా దగ్గరి చుట్టమే అని ఎగిరి గంతేస్తే దెబ్బతింటారు. చివర్లో, ఇద్దరూ ఒప్పుకున్నాక, నిర్ధారణకి మాత్రం ల్యాబులో ముఖాముఖి పరీక్ష చేయించుకోండి. పేరు ఒకటే అయి మనిషి వేరైన సంగతులు నేను చూశాను. అంతకుముందు ఏ కంపెనీకీ డబ్బు కట్టొద్దు. తలసీమియా మీద మాత్రం మీరన్నది ముమ్మాటికీ నిజం, అక్కలకి ఆ కబురు చేరాలి.

పేరు_వద్దు:

అక్కా, నేను ఇలాంటి చోట్ల ఎప్పుడూ రాయను. మా పెద్దక్క ఒక పాపని ఇచ్చింది. మాది తండా కాదు, వేరే జిల్లా. కారణం కూడా వేరే, పెళ్ళి కాలేదప్పుడు. ఇప్పుడు పెళ్ళయి ఇద్దరు మగపిల్లలు. బావకి పెళ్ళికి ముందే చెప్పింది, ఆయన ఏమీ అనలేదు. అత్తగారికి, పిల్లలకి తెలియదు.

మీరు అడిగినదానికి మా అక్క వైపు నుంచి చెబుతాను. ఎవరైనా వస్తే అక్క పారిపోదు. కానీ ఇంటికి రాకూడదు. ఫోన్ కూడా ఇంట్లో పిల్లల దగ్గరే ఉంటుంది, మెసేజ్ పెడితే వాళ్ళే ముందు చదువుతారు. ప్రతి మంగళవారం అక్క సంతకి ఒక్కతే వెళ్తుంది. అలాంటి చోట, ఆడమనిషి ఒకరు పక్కకి పిలిచి, ముందు "మీకు ఇష్టమైతేనే" అని మొదలుపెట్టి, ఒక కాగితం మీద ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళిపోవాలి. అక్క ఆ రోజు ఏమీ మాట్లాడలేకపోవచ్చు. నెల పట్టొచ్చు. మీరు దాన్ని వద్దనడం అనుకోకండి.

"ఎందుకిచ్చావు" అని మొదటి రోజు అడగొద్దు. మీ ఆరోగ్యం, మీ అమ్మగారి గురించి చెప్పండి, బాగా చూసుకున్నారని చెప్పండి. మా అక్క ఎప్పుడైనా అడిగేది అదొక్కటే, తిండి పెట్టారో లేదో అని. మిగతాది ఆవిడే చెబుతుంది.

మీ అమ్మగారు చీర తీసుకెళ్తానన్నది చదివి మా అక్కకి చెప్పాను. ఏమీ అనలేదు, లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

తెనాలి_పిల్ల:

అందరికీ ఒక్కొక్కరికి జవాబు రాయాలని ఉంది, కాళ్ళ వాపులు, కూర్చోలేకపోతున్నాను. ముఖ్యమైనవి రాస్తాను.

మాస్టారూ, మీరన్నట్టే ఊరి పేరు ముందు హెచ్/ఓ ఉంది. నేను దాన్ని ఇంటి నంబరేమో అనుకుని వదిలేశాను. ఓటరు జాబితా తీశాను. ఆ ఊరి కిందున్న తండాల్లో రెండు చోట్ల అదే భర్త పేరు, అదే ఇంటిపేరు. ఒక చోట భార్య పేరు ఒక్క అక్షరం తేడాతో సరిపోయింది. ఇంకో చోట భార్య పేరు పూర్తిగా వేరు. ఆ ఇంటి నంబరు మీద ముప్ఫై దాటిన కూతుళ్ళ పేర్లేవీ లేవు, ఉంటే పెళ్ళిళ్ళయి వెళ్ళి ఉంటారు. వివరాలు మీకు విడిగా పంపాను. తొందరేమీ లేదు.

లంబాడీ అని తెలిసి ఏమనిపించిందో అడగనన్నారు కాబట్టి చెబుతున్నా. మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత ఒకరోజు ఆఫీసు క్యాంటీన్లో ఎవరో ఎస్టీ రిజర్వేషన్ల మీద వాగుతుంటే చేతిలో గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను. ఇంతకుముందు ఇలాంటి మాటలు విని నవ్వేసి ఊరుకునేదాన్ని. నాకు ఆ సర్టిఫికెట్ రాదు, నేను పెరిగిన ఇల్లు వేరు, నాకు దాని మీద ఆశా లేదు. అయినా ఆ మాట నా మీద పడినట్టే అనిపించింది. మీ ఇంటామెతో మాట్లాడతాను, డెలివరీ అయ్యాక. అప్పటికి గలగలా వినే ఓపిక వస్తుందేమో.

పేరు వద్దన్న చెల్లీ, "మీకు ఇష్టమైతేనే" అన్న మాట దరఖాస్తులో అలాగే రాశాను. ఎవరు వెళ్ళినా ముందు ఆ మాటే చెప్పాలని అడిగాను. తలసీమియా గురించి అర పేజీ, తెలుగులో, విడిగా రాసి కవరులో పెట్టాను. ఆవిడ నన్ను కలవనన్నా, ఆ కవరు ఎలాగోలా అక్కలకి అందించమని కోరాను. ఎవరు పంపారో చెప్పనక్కర్లేదు, "మీ రక్తంలో ఇది ఉండొచ్చు, పెళ్ళికి ముందో కాన్పుకి ముందో మీ పిల్లలకి చూపించండి" అని చెబితే చాలు. మీ అక్కకి మా అమ్మ నమస్కారం చెప్పమంది.

సోమవారం అమ్మ, నేను కోర్టుకి వెళ్తున్నాం. రూట్ సెర్చ్ దరఖాస్తు కూడా అదే రోజు ఇచ్చేస్తాం.

తండా_మాస్టారు:

మీరు పంపింది చూసిన. రెండిట్లో ఏదో నాకు తెలిసే వీలుంది, మా బంధువుల తండా పక్కదే. కానీ అడగను. నేను అడిగితే ఎందుకు అడుగుతున్నవని నన్ను అడుగుతరు, అబద్ధం చెప్పాల్సి వస్తది. కోర్టు కాగితాల్లో ఆమె భర్త తండ్రి పేరు ఉంటే అదే చాలు, ఆ పేరుతో రెండు ఇండ్లు ఉండవు. అది వచ్చేదాకా ఆగండి. చీర మొదటి రోజు వద్దని అమ్మకు చెప్పండి, కొత్త జరీ చీర ఎక్కడిదని తండాలో పది మంది అడుగుతరు. తర్వాత సంగతి తర్వాత.

కోర్టు_గుమాస్తా:

అమ్మాయ్, కాపీ అప్లికేషన్లో "పిటిషన్, అఫిడవిట్, దాఖలు చేసిన అన్ని కాగితాలతో సహా" అని రాయించడం మర్చిపోకండి. రాయకపోతే ఒట్టి ఆర్డరు కాపీ ఇచ్చి పంపేస్తారు, అది మీ దగ్గర ఉన్నదే. అమ్మగారి ఆధార్ ఒరిజినల్ తెచ్చుకోండి. మధ్యాహ్నం భోజనాల ముందే వెళ్ళండి, ఆరో నెలలో ఆ మెట్లు ఎక్కి దిగడం ఒక్కసారి చాలు.